పదమూడో తేదీన ఆగిపోయే ఇండెక్స్: తేదీ రూపాల వల్ల డేటాబేస్ ఎర్రర్లు ఎలా పుడతాయి

ఫిబ్రవరి నెల డేటాను ఒక టేబుల్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు మొదటి పన్నెండు రోజుల వరుసలు సాఫీగా వెళ్లిపోయి, పదమూడో తేదీ వరుస దగ్గర పని హఠాత్తుగా ఆగిపోతుంది. తెర మీద నెల సరైనది కాదనో, తేదీ విలువ హద్దు దాటిందనో ఒక సందేశం కనిపిస్తుంది. ఆ వరుసలో ఉన్న విలువ 13-02-2024. మనిషి కంటికి అందులో దోషమేమీ కనబడదు. డేటాబేస్ మాత్రం మొదటి అంకెను నెలగా చదువుతోంది. పదమూడో నెల అనేది లేదు కాబట్టి ఆగింది.

ఇంతవరకు చాలామందికి తెలిసిన సంగతే. తొందరలో మరిచిపోయేది దాని వెనుక ఉన్న సంగతి. ఆగకముందు ఎక్కిన ఆ పన్నెండు వరుసల మాటేమిటి? 01-02-2024 జనవరి 2గా, 03-02-2024 మార్చి 2గా లోపలికి వెళ్లాయి. 02-02-2024 ఒక్కటే, రోజూ నెలా ఒకటే కావడం వల్ల, సరిగ్గా కుదిరింది. ఎక్కింపు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదన్న ఒకే కట్టగా, జరిగి ఉంటే పదమూడో వరుస విఫలమైనప్పుడు అన్నీ వెనక్కి వచ్చేస్తాయి. విడతలు విడతలుగా ఖాయమవుతూ వచ్చి ఉంటే తప్పు తేదీలు పదకొండు టేబుల్‌లో ఉండిపోతాయి, వాటి మీద కట్టిన ఇండెక్స్‌లోనూ (త్వరగా వెతకడానికి విలువలను పేర్చి ఉంచే జాబితాలోనూ) ఉండిపోతాయి.

ఏడాది మొత్తానికి ఈ లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. రోజు సంఖ్య 12కు మించని తేదీలు ఏడాదికి 144. వాటిలో రోజూ నెలా ఒకే సంఖ్యగా ఉన్నవి 12. తక్కిన 132 తేదీలు రోజు-నెల వరుసలోనూ నెల-రోజు వరుసలోనూ చెల్లుతాయి. అంటే ఏ హెచ్చరికా లేకుండా తారుమారవుతాయి. 2024 వంటి లీపు సంవత్సరంలో ఎర్రర్ ఇచ్చేవి మిగిలిన 222. ఎర్రర్ వచ్చిందంటే డేటాబేస్ మనకు మేలు చేసినట్టే లెక్క, ఎందుకంటే ఎర్రర్ రాని ఆ 132 తేదీలే అసలు చిక్కు తెచ్చిపెట్టేవి.

తేదీకి రూపం ఉండేది గడప దగ్గరే

తేదీ రూపం అంటే రోజు, నెల, సంవత్సరాలను అక్షరాలుగా రాసే పద్ధతి. తేదీ రకం అంటే డేటాబేస్ ఆ తేదీని లోపల దాచుకునే పద్ధతి. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. "మా కాలమ్ ఫలానా ఫార్మాట్‌లో ఉంది" అని తరచుగా వింటాం. ఆ కాలమ్ నిజంగా తేదీ రకానిదైతే దానికి ఫార్మాట్ అంటూ ఏదీ ఉండదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో తేదీ అంటే నాలుగు బైట్ల పూర్ణాంకం. 2000 జనవరి 1 నుంచి ఎన్ని రోజులు గడిచాయన్న లెక్క. ఒరాకిల్ అనే మరో డేటాబేస్‌లో డేట్ రకం ఏడు బైట్లు; శతాబ్దం, సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను ఒక్కొక్క బైటులో ఉంటాయి. లోపల గీతలుండవు, చుక్కలుండవు, ఏది ముందు ఏది వెనుక అన్న తగాదా ఉండదు.

రూపం అవసరమయ్యేది రెండు చోట్ల: రాసిన అక్షరాలు లోపలికి వచ్చేటప్పుడు, లోపలి సంఖ్య బయటికి కనిపించేటప్పుడు. ఆ గడప దగ్గర ఏ రూపాన్ని పాటించాలో ఒక సెట్టింగ్ చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో దాని పేరు డేట్‌స్టైల్. ఒరాకిల్‌లో ఎన్ఎల్ఎస్ డేట్ ఫార్మాట్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగిన్ భాష, దానితోపాటు డేట్‌ఫార్మాట్. ఇవి సెషన్‌ను, అంటే ఒక్కో వాడుకరి డేటాబేస్‌తో పెట్టుకున్న కనెక్షన్‌ను, బట్టి మారగలవు. ఒకే సర్వర్‌కు ఒకే క్షణంలో తగులుకున్న ఇద్దరు వాడుకరులు ఒకే అక్షరాలను రెండు వేర్వేరు తేదీలుగా చదివించుకోవచ్చు.

ఎస్‌క్యూలైట్ దారి వేరు. అందులో ప్రత్యేకంగా తేదీ రకమే లేదు. తేదీని అక్షరాలుగానో, జూలియన్ రోజుల సంఖ్యగానో (ఒక పురాతన తేదీ నుంచి గడిచిన రోజుల లెక్కగానో), 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగానో దాచుకోవాలి. ఏ పద్ధతి పాటించాలన్నది ప్రోగ్రామ్ రాసేవారి బాధ్యత. ఒకే కాలమ్‌లో మూడూ కలిసిపోయినా అది అభ్యంతరం చెప్పదు.

మూడు వరుసల ఉదాహరణ

ఇండెక్స్ చేసే పని ఒక్కటే: విలువలను ఒక వరుసలో పేర్చి ఉంచడం. ఆ వరుస మీద నమ్మకంతోనే డేటాబేస్ సగం సగం వదిలేస్తూ వెతకగలదు. అందువల్ల ఏ రెండు విలువలను ఇచ్చినా ఏది ముందో ఏది వెనుకో ఇండెక్స్ చెప్పగలగాలి, పైగా ఆ జవాబు ఎప్పటికీ మారకూడదు.

తేదీలను అక్షరాల కాలమ్‌లో దాచారనుకుందాం. అందులో మూడు విలువలున్నాయి: 05-02-2024, 04-11-2023, 12-01-2024. అక్షరాల ఇండెక్స్ ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరాన్నే పోలుస్తుంది కాబట్టి పేర్చే వరుస 04-11-2023, 05-02-2024, 12-01-2024 అవుతుంది. కాలక్రమం ప్రకారమైతే నవంబరు తరువాత జనవరి, ఆ తరువాత ఫిబ్రవరి రావాలి. ఇక్కడ ఫిబ్రవరి జనవరి కంటే ముందుకొచ్చింది.

ఇప్పుడు 2024 జనవరి నెల వరుసలు కావాలని 01-01-2024 నుంచి 31-01-2024 వరకు అడిగితే మూడూ వస్తాయి. 04, 05, 12 అనే మొదటి అంకెలు మూడూ 01కీ 31కీ మధ్యే ఉన్నాయి కదా. ఇండెక్స్ పాడవలేదు, క్వెరీలో (డేటాబేస్‌ను అడిగిన ప్రశ్నలో) అక్షరదోషం లేదు, ఎర్రర్ రాలేదు. అయినా నెలవారీ నివేదికలో పోయిన ఏడాది నవంబరు వచ్చి కూర్చుంది. అదే విలువలను 2024-02-05, 2023-11-04, 2024-01-12 అని రాసి ఉంటే అక్షరాల వరుసా కాలక్రమమూ ఒకటే అయ్యేవి. సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో సున్నాలతో నింపి రాసే ఈ పద్ధతిని 1988లో తొలిసారి వెలువడిన ఐఎస్ఓ 8601 అంతర్జాతీయ ప్రమాణం స్థిరపరిచింది. పెద్ద కొలమానం ముందు, చిన్నది వెనుక అన్న ఈ ఏర్పాటు వల్ల అక్షరాలను పోల్చే యంత్రానికి కూడా తేదీలు వరుసగా కనిపిస్తాయి.

ఇండెక్స్ తయారీలోనే ఎదురయ్యే తిరస్కరణ

అక్షరాల కాలమ్‌ను మార్చే వీలు లేనప్పుడు చాలామందికి తట్టే ఉపాయం, కాలమ్ మీద నేరుగా కాకుండా దాన్ని తేదీగా మార్చే ఫంక్షన్ మీద ఇండెక్స్ కట్టడం. సరిగ్గా అక్కడే పోస్ట్‌గ్రెస్ ఆపేస్తుంది. ఇండెక్స్‌లో వాడే ఫంక్షన్లు ఇమ్యూటబుల్ అయి ఉండాలని దాని సందేశం. ఈ ఎర్రర్ చూసినవారు తమ తేదీ రూపంలో ఏదో పొరపాటుందని వెతుకుతారు, కానీ పొరపాటు రూపంలో లేదు.

పోస్ట్‌గ్రెస్ ప్రతి ఫంక్షన్‌కూ ఒక స్వభావాన్ని నమోదు చేస్తుంది. ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పటికీ ఒకే జవాబు ఇచ్చేది ఇమ్యూటబుల్. ఒక క్వెరీ నడుస్తున్నంతసేపు ఒకే జవాబు ఇచ్చి, సెట్టింగ్ మారితే మరో జవాబు ఇవ్వగలిగేది స్టేబుల్. పిలిచిన ప్రతిసారీ మారగలిగేది వోలటైల్. అక్షరాలను తేదీగా మార్చే క్రియ డేట్‌స్టైల్ మీద ఆధారపడుతుంది కాబట్టి అది స్టేబుల్. తేదీని అక్షరాలుగా రాసే టు_చార్ నెలల పేర్ల భాష మీద ఆధారపడగలదు కాబట్టి అదీ అంతే. టైమ్ జోన్‌తో కూడిన సమయాన్ని రోజుకు కుదించడం కూడా అలాంటిదే: యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) 2024 మార్చి 31 రాత్రి 8 గంటలైన క్షణం, యూటీసీ కంటే 9 గంటలు ముందున్న చోట ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5 గంటలు. ఆ వరుసను ఏ తేదీ కింద పేర్చాలన్న ప్రశ్నకు సెషన్‌ను బట్టి జవాబు మారితే పేర్చడమే కుదరదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అక్షరాలను తేదీగా మార్చే టు_డేట్ ఫంక్షన్‌కు రూపాన్ని స్పష్టంగా, కేవలం అంకెలతో ఇచ్చినా పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. అది ఫంక్షన్‌కున్న ముద్రను చూస్తుంది తప్ప, మనం ఇచ్చిన రూపంలో భాష మీద ఆధారపడే భాగముందా లేదా అని లోతుగా చూడదు. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆ లోతుకు వెళ్తాయి. ఒరాకిల్‌లో సంవత్సరాన్ని రెండంకెల ఆర్ఆర్ రూపంలో చదివే టు_డేట్ మీద ఇండెక్స్ అడిగితే, శుద్ధమైన ఫంక్షన్ల మీదే ఇండెక్స్ కట్టగలమని చెప్పే ఓఆర్ఏ-01743 అనే ఎర్రర్ వస్తుంది. కారణం ఆసక్తికరమైనది: ఆర్ఆర్ రూపంలో 50 అన్నది 1950నా 2050నా అనేది ఇప్పుడు నడుస్తున్న సంవత్సరం ఏ అర్ధశతాబ్దంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈరోజు 1950గా చదివిన విలువ 2050 మొదలు కాగానే 2050గా చదవబడుతుంది. అప్పటిదాకా భద్రంగా నిలిచిన ఇండెక్స్ ఒక్క జనవరి 1తో తప్పుల కుప్ప అవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కన్వర్ట్ ఫంక్షన్‌కు శైలి సంఖ్య ఇస్తారు. 103 సంఖ్య రోజు/నెల/సంవత్సరాన్ని అంకెలతో చదువుతుంది కాబట్టి దాని మీద కట్టిన కంప్యూటెడ్ కాలమ్‌కు (మరో కాలమ్ నుంచి లెక్కించి తెచ్చే కాలమ్‌కు) ఇండెక్స్ వస్తుంది; 106 సంఖ్య నెల పేరును అక్షరాలతో చదువుతుంది, నెల పేరు భాషతో మారుతుంది కాబట్టి ఇండెక్స్ రాదు. ఎస్‌క్యూలైట్ తేదీ ఫంక్షన్లను ఇండెక్స్‌లో అనుమతిస్తుంది కానీ, వాటికి 'ఇప్పుడు' అన్న విలువను ఇస్తే నిరాకరిస్తుంది.

ఫంక్షన్‌కు ఇమ్యూటబుల్ ముద్ర వేసి దాటవేయడం

పోస్ట్‌గ్రెస్ ఎర్రర్‌కు ఎక్కువగా చెప్పుకొనే విరుగుడు ఒకటుంది. అక్షరాలను తేదీగా మార్చే చిన్న ఫంక్షన్ ఒకటి సొంతంగా రాసి, దానికి ఇమ్యూటబుల్ అని ముద్ర వేసి, ఆ ఫంక్షన్ మీద ఇండెక్స్ కడతారు. పోస్ట్‌గ్రెస్ ఆ ముద్రను పరీక్షించదు, మాట మీద నమ్ముతుంది. ఇండెక్స్ వెంటనే తయారవుతుంది.

దీన్ని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. సర్వర్ సెట్టింగ్ ఎన్నడూ మారదని తమకు తెలుసుననీ, రూపాన్ని ఫంక్షన్‌లోనే అంకెలతో బిగించామనీ, నిజానికి ఆ ఫంక్షన్ ఒకే జవాబు ఇస్తుందనీ వారంటారు. రూపాన్ని అంకెలతో బిగించి టు_డేట్ వాడినప్పుడు ఆ మాట ఆచరణలో నిలుస్తుంది. రూపం చెప్పకుండా నేరుగా అక్షరాలను తేదీగా మార్చి ముద్ర వేసినప్పుడు మాత్రం నిలవదు. అలాంటి ఫంక్షన్‌తో ఏం జరుగుతుందో చూద్దాం.

రోజు-నెల వరుస ఉన్న సెషన్‌లో ఇండెక్స్ కట్టారు. అందులో 03-04-2024 ఏప్రిల్ 3 కింద నమోదైంది. కొన్నాళ్లకు నెల-రోజు వరుస ఉన్న మరో ప్రోగ్రామ్ అదే అక్షరాలతో కొత్త వరుస చేర్చింది. అది మార్చి 4 కింద నమోదైంది. ఇప్పుడు మొదటి సెషన్ నుంచి ఏప్రిల్ 3 వరుసలు కావాలని అడిగితే, డేటాబేస్ ఇండెక్స్ ద్వారా వెళ్లినప్పుడు ఒక వరుస వస్తుంది. ఇండెక్స్ వదిలేసి టేబుల్ మొత్తం చదివినప్పుడు రెండు వరుసలు వస్తాయి, ఎందుకంటే అప్పుడు ఫంక్షన్‌ను మళ్లీ లెక్కిస్తుంది. క్వెరీ ఒకటే, డేటా ఒకటే, జవాబులు రెండు. ఏ దారిన వెళ్లాలన్నది డేటాబేస్ తన గణాంకాలను బట్టి నిర్ణయించుకుంటుంది కనుక సోమవారం ఒక జవాబు, గురువారం మరో జవాబు రావచ్చు. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడానికి కూర్చున్నవారు ముందుగా తమ కళ్లనే అనుమానిస్తారు.

నిజంగా ఇమ్యూటబుల్ అయిన దారి కూడా ఉంది. అక్షరాల ముక్కలను కోసి, వాటిని పూర్ణాంకాలుగా మార్చి, మేక్_డేట్ ఫంక్షన్‌కు సంవత్సరం, నెల, రోజుగా అందించడం. ముక్క కోయడం, పూర్ణాంకం చేయడం, మేక్_డేట్, ఈ మూడూ ఏ సెట్టింగ్ మీదా ఆధారపడవు కాబట్టి పోస్ట్‌గ్రెస్ అభ్యంతరం చెప్పదు. టైమ్ జోన్ విషయంలోనూ అంతే: సమయాన్ని ముందు ఫలానా జోన్‌లో అని బిగించి చెప్పి, ఆ తరువాత రోజుకు కుదిస్తే వ్యక్తీకరణ ఇమ్యూటబుల్ అవుతుంది. రాయడానికి కాస్త వికారంగా ఉంటుంది. కాకపోతే పాడైన విలువ ఒక్కటున్నా, ఉదాహరణకు ఫిబ్రవరి 30 అని ఎవరో టైపు చేసినది ఉంటే, ఇండెక్స్ నిర్మాణం ఆ వరుస దగ్గర ఆగిపోతుంది. ఆగడమే న్యాయమని కొందరు, లక్షల వరుసల్లో ఒక్కటి పాడైతే మొత్తం పని ఆపడం దేనికని కొందరు అంటారు. రెండో వర్గం పాడైన విలువకు శూన్యాన్ని (విలువ లేదన్న గుర్తును) తిరిగిచ్చే ఫంక్షన్ రాసుకుంటుంది; ఆ వరుసలు తేదీ వెతుకులాటలో ఎప్పటికీ దొరకవన్న షరతుకు ఒప్పుకుంటూ.

నిన్న నడిచిన క్వెరీ ఈరోజు ఎందుకు విఫలమవుతుంది

ఏ మార్పూ చేయలేదు, అయినా నిన్నటిదాకా నడిచిన క్వెరీ ఈరోజు ఒరాకిల్‌లో ఓఆర్ఏ-01843 ఎర్రర్ ఇస్తోంది, అంటే నెల సరైనది కాదంటోంది. ఈ ఫిర్యాదు వినగానే ఎదుటివారు ఏదో దాస్తున్నారని అనిపిస్తుంది. చాలాసార్లు వారు నిజమే చెబుతుంటారు.

అక్షరాల కాలమ్‌ను తేదీ విలువతో పోల్చినప్పుడు ఒరాకిల్ అక్షరాలను తేదీగా మారుస్తుంది, అంటే కాలమ్ వైపే మార్పిడి జరుగుతుంది. దీనితో రెండు పరిణామాలున్నాయి. ఆ కాలమ్ మీద ఉన్న మామూలు ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే ఇండెక్స్‌లో పేర్చి ఉన్నది అక్షరాలను, అడుగుతున్నది తేదీలను. రెండోది, మార్పిడి ప్రతి వరుసకూ విడివిడిగా జరుగుతుంది కాబట్టి చెడ్డ విలువ ఉన్న వరుస దాకా మార్పిడి వెళ్తేనే ఎర్రర్ వస్తుంది.

క్వెరీలో రెండు షరతులున్నాయనుకోండి: శాఖ సంఖ్య 7 కావాలి, తేదీ ఫలానా రోజు తరువాతిది కావాలి. చెడ్డ తేదీ ఉన్న వరుస శాఖ 9లో ఉంది. శాఖ ఇండెక్స్ వాడుతున్నంత కాలం డేటాబేస్ ముందుగా శాఖ 7 వరుసలనే ఏరుకొని, వాటి తేదీలనే మారుస్తుంది. శాఖ 9 జోలికే పోదు. టేబుల్ పెరిగి, గణాంకాలు మారి, టేబుల్ మొత్తం చదవడమే చవకని డేటాబేస్ తీర్మానించి, తేదీ షరతును ముందు పరిశీలించిన రోజున ఆ చెడ్డ వరుస బయటపడుతుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉన్న లోపాన్ని అప్పటిదాకా ఇండెక్స్ కప్పి ఉంచిందన్నమాట. ఇండెక్స్ తొలగించినందువల్ల తేదీ ఎర్రర్ రావడం, చేర్చినందువల్ల పోవడం ఈ కారణంగానే జరుగుతాయి.

ఒక ప్రోగ్రామ్ నుంచి మాత్రమే ఎర్రర్ వచ్చి మరో దాని నుంచి రాకపోతే కారణం సాధారణంగా సెషన్ సెట్టింగ్‌లో ఉంటుంది. ఇందులో అందరినీ ఆశ్చర్యపరిచేది ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత డేట్‌టైమ్ రకం. లాగిన్ భాష బ్రిటిష్ ఇంగ్లిష్ అయినప్పుడు, ఐఎస్ఓ పద్ధతిలో గీతలతో రాసిన 2024-01-13ను అది సంవత్సరం, రోజు, నెల అని చదివి, పదమూడో నెల లేదంటుంది. 2024-02-03ను ఎర్రర్ లేకుండా మార్చి 2 చేస్తుంది. గీతలు లేని 20240113ను, లేదా అదే విలువను కొత్త డేట్, డేట్‌టైమ్2 రకాల్లో ఇచ్చినప్పుడు ఈ తికమక లేదు. ప్రమాణం ప్రకారమే రాశాం కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

ఎర్రర్ ఇవ్వని లోపాలు

పునరుక్తిని అడ్డుకునే యూనిక్ ఇండెక్స్ అక్షరాల కాలమ్ మీద ఉంటే 1-2-2024, 01-02-2024 దానికి రెండు వేర్వేరు విలువలు. రెండింటినీ లోపలికి రానిస్తుంది. ఏడాది తరువాత ఎవరో కాలమ్‌ను తేదీ రకానికి మారుస్తారు. అప్పుడు పునరుక్తి ఉందంటూ ఇండెక్స్ నిర్మాణం విఫలమవుతుంది. మార్చినవారు తమ మార్పు వల్లే లోపం పుట్టిందనుకుంటారు, నిజానికి మార్పు దాన్ని వెలికి తీసింది.

మాంగోడీబీ అనే డేటాబేస్‌లో గడువు తీరిన పత్రాలను (వరుసల వంటివాటిని) తానే తొలగించే టీటీఎల్ ఇండెక్స్ ఉంది. గడువును లెక్కించే ఫీల్డ్‌లో (కాలమ్ వంటి దానిలో) నిజమైన తేదీ రకం ఉంటేనే అది పనిచేస్తుంది. తేదీని అక్షరాలుగా రాస్తే పత్రం ఎప్పటికీ గడువు తీరదు, ఫిర్యాదూ రాదు. డిస్క్ నిండుతూ పోతుంది. అక్కడ తేదీ పరిధితో వెతికినప్పుడు కూడా అక్షరాలుగా ఉన్న తేదీలు ఫలితాల్లోకి రావు, ఎందుకంటే పోలిక ఒకే రకం విలువల మధ్యే జరుగుతుంది.

సెకన్లు, మిల్లీసెకన్ల తేడా మరొకటి. 1700000000 అన్న సంఖ్య సెకన్లుగా 2023 నవంబరు నెలలోని క్షణం; మిల్లీసెకన్లుగా చదివితే 1970 జనవరి 20. నివేదికలో 1970 జనవరి కనిపిస్తే అనుభవమున్నవారు వేరే కారణం వెతకరు. ఇక జావా ప్రోగ్రామింగ్ భాషలోని తేదీ రూపాల్లో చిన్న వై అక్షరం సంవత్సరాన్ని, పెద్ద వై అక్షరం వారాల లెక్కతో నడిచే సంవత్సరాన్ని సూచిస్తాయి. 2024 డిసెంబరు 30 సోమవారం. ఐఎస్ఓ వారాల లెక్కలో అది 2025 మొదటి వారానిది. పెద్ద వై రాసినవారి ప్రోగ్రామ్‌లో ఆ రోజు 2025 డిసెంబరు 30గా నమోదవుతుంది. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు సరిగ్గా పనిచేసి, సంవత్సరాంతంలో అందరూ సెలవులో ఉన్నప్పుడు మాత్రమే తప్పే లోపం ఇది.

మొదటి పత్రం రకాన్ని నిర్ణయించే చోట

ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట వ్యవస్థలో ఇండెక్స్ అన్న మాటకే అర్థం వేరు; అక్కడ ఇండెక్స్ అంటే దాదాపు టేబుల్ లాంటిది, పత్రాన్ని చేర్చడాన్నే ఇండెక్స్ చేయడం అంటారు. ఫీల్డ్ రకాన్ని ముందుగా చెప్పకపోతే, మొదట వచ్చిన పత్రాన్ని చూసి అదే ఊహించుకుంటుంది. మొదటి పత్రంలో 2024-05-13 ఉంటే ఫీల్డ్ తేదీ రకంగా స్థిరపడుతుంది. తరువాత 13-05-2024తో వచ్చిన పత్రం, తేదీని చదవలేకపోయానన్న ఎర్రర్‌తో వెనక్కి పోతుంది. పత్రాలు తారుమారై వచ్చి 13-05-2024 ముందు చేరితే, దాన్ని తేదీగా గుర్తించదు కాబట్టి ఫీల్డ్ అక్షరాల రకం అవుతుంది. అప్పుడు అన్నీ లోపలికి వస్తాయి, తేదీ పరిధి వెతుకులాట మాత్రం మనం చూసిన మూడు వరుసల ఉదాహరణలా నడుస్తుంది. స్థిరపడిన రకాన్ని ఉన్నచోట మార్చలేరు, కొత్త ఇండెక్స్‌లోకి మళ్లీ ఎక్కించాల్సిందే.

గుంపుగా పంపినప్పుడు మరో చిక్కు వస్తుంది. కొన్ని పత్రాలు తిరస్కరణకు గురైనా మొత్తం అభ్యర్థనకు 200 అనే విజయ సంకేతమే వస్తుంది; ఏవి పోయాయో జవాబు లోపలి భాగంలో విడిగా ఉంటుంది. పై సంకేతాన్ని మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కు అన్నీ చేరినట్టే లెక్క. చెడ్డ విలువను వదిలేసి తక్కిన పత్రాన్ని చేర్చుకునే ఇగ్నోర్ మాల్‌ఫార్మ్‌డ్ సెట్టింగ్ కూడా ఉంది. లాగ్‌ల (ప్రోగ్రామ్‌లు రాసిపెట్టే సంఘటనల చిట్టాల) వంటి వాటికి ఇది తగినదే, ఒక తేదీ కోసం మొత్తం పత్రాన్ని పోగొట్టుకోవడం కంటే. డబ్బు లెక్కల వంటి వాటిలో తేదీ లేని పత్రం ఏ నెల మొత్తంలోనూ చేరదు కనుక అదే సెట్టింగ్ హాని అవుతుంది.

సున్నా తేదీల పాత అప్పు

మైఎస్‌క్యూఎల్ చాలాకాలం 0000-00-00ను తేదీగా ఒప్పుకుంది. తేదీ తెలియని చోట శూన్యానికి బదులు దాన్ని వాడే అలవాటు అలా వచ్చింది. 5.7 వెర్షన్‌లో చెల్లని విలువలను తిరస్కరించే కఠిన పద్ధతి, సున్నా తేదీ నిషేధం డిఫాల్ట్‌గా వచ్చాయి. పాత టేబుల్‌ను కొత్త సర్వర్ మీదికి తెచ్చి, సంబంధమే లేని మరో కాలమ్‌కు ఇండెక్స్ చేర్చబోతే డిఫాల్ట్ విలువ చెల్లదన్న 1067 ఎర్రర్ రావడానికి కారణం ఇదే: టేబుల్ నిర్వచనాన్ని మళ్లీ పరిశీలించే క్రమంలో పాత సున్నా డిఫాల్ట్ బయటపడుతుంది. కఠిన పద్ధతిని తాత్కాలికంగా సడలించి పని ముగించేవారున్నారు. సున్నాలను శూన్యంగా మార్చాకే ముందుకు పోయేవారున్నారు. మొదటిది ఆ రాత్రి గడవడానికి సరిపోతుంది.

అక్షరాలుగా దాచడమే మేలనే వాదన, దాని పరిమితి

ఇంత చిక్కుంటే అన్నిచోట్లా ఐఎస్ఓ రూపంలో అక్షరాలుగానే దాచుకోవచ్చు కదా అన్నది సహేతుకమైన ప్రశ్నే. సున్నాలతో నింపిన ఐఎస్ఓ అక్షరాలు, అక్షరాలుగానే ఉన్నంతవరకు, ఏ డేటాబేస్‌లోనైనా ఒకేలా ఉంటాయి, వరుస తప్పవు, సెట్టింగ్‌ల బెడద ఉండదు. ఎస్‌క్యూలైట్‌లో ఇది మామూలు పద్ధతే. తేదీ రకం వైపు ఉన్నవారు మూడు మాటలంటారు: ఫిబ్రవరి 30ని అక్షరాల కాలమ్ అడ్డుకోదు, నాలుగు బైట్ల చోట పది బైట్లకు పైగా పడుతుంది కాబట్టి ఇండెక్స్ లావవుతుంది, రెండు తేదీల మధ్య రోజులు లెక్కించాలంటే ప్రతిసారీ మార్పిడి తప్పదు. మూడూ నిజమే. అందరూ ఒకే రూపంలో రాస్తారన్న హామీ ఉన్నంతవరకు మొదటి పక్షానిదీ నిజమే. ఆ హామీని కాలమ్ మీద ఒక నియమంగా రాసిపెట్టని చోట అది ఎక్కువ కాలం నిలవడం నేను చూడలేదు.

ఆ హామీ తప్పినప్పుడు ఎంత దూరం పోతుందో చెప్పే ఉదాహరణ ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి వచ్చింది. లినక్స్‌లో అక్షరాల వరుసను నిర్ణయించే జీలిబ్‌సీ లైబ్రరీ 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో తన నియమాలను భారీగా మార్చింది. పోస్ట్‌గ్రెస్ అక్షరాల ఇండెక్స్‌లు చాలాచోట్ల ఆ లైబ్రరీ చెప్పిన వరుసనే పాటిస్తాయి. అంతకుముందు ఇంగ్లిష్ లొకేల్‌లో (భాషా సెట్టింగ్‌లో) అడ్డగీతను తొలి పోలికలో లెక్కలోకి తీసుకునేది కాదు. 1-1-2024, 11-1-2024 అన్న విలువలను పోల్చినప్పుడు గీతలు తీసేస్తే 112024, 1112024 మిగులుతాయి. మూడో అంకె దగ్గర 1 చిన్నది కాబట్టి 11-1-2024 ముందుండేది. కొత్త నియమంలో గీతకు అంకెల కంటే ముందు స్థానం వచ్చింది. రెండో అక్షరం దగ్గరే తేలిపోయి 1-1-2024 ముందుకొచ్చింది.

సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు డిస్క్ మీదున్న ఇండెక్స్ పాత వరుసలోనే ఉంటుంది, వెతికే కోడ్ కొత్త వరుసను నమ్ముతుంది. టేబుల్‌లో కళ్లెదుట ఉన్న విలువ ఇండెక్స్ ద్వారా దొరకదు. దొరకలేదు కాబట్టి యూనిక్ ఇండెక్స్ అదే విలువను రెండోసారి లోపలికి రానిస్తుంది. ఆమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ ఈ తేడాను పట్టిస్తుంది, రీఇండెక్స్ దాన్ని సరిచేస్తుంది, ఈలోగా చేరిన పునరుక్తులను మాత్రం చేత్తో ఏరాల్సి ఉంటుంది. 01-01-2024, 11-01-2024 అని సున్నాలతో రాసి ఉంటే గీతలు రెండింటిలోనూ ఒకే స్థానంలో పడేవి కాబట్టి పాత నియమంలోనైనా కొత్త నియమంలోనైనా ఆ రెండింటి వరుస మారేది కాదు. తేదీ రకంలో దాచి ఉంటే ఆ లైబ్రరీ ప్రమేయమే ఉండేది కాదు.